గీతల పక్కన తెలుపు

కుతైసీలో ఒక ఆసుపత్రి నేలమాళిగ.
నేను కాపలా కాసేది మనిషిని కాదు,
ఒక సర్వర్‌ని.
మూడేళ్ళుగా అది పాత కాగితాలు చదువుతోంది.
దానికి భాష రాదు. గీతలొచ్చు.

పై అంతస్తులో త్సియాలా
పిన్నులు పీకి, మడతలు సాపు చేసి,
బొత్తికి బొత్తి స్కానర్ నోట్లో పెడుతుంది.
ప్రతి ఫైలు మొదటి పేజీ మీదా ఒక స్టిక్కర్.
ఇక్కడికి ఒకరు అయిపోయారు, ఇక్కణ్ణుంచి ఇంకొకరు
అని సర్వర్‌కి చెప్పేది ఆ నల్ల గీతలే.

మా లిపి అంతా వంపులు,
డబ్బాలో కలగాపులగంగా పోసిన గాలాల్లా.
ఒక్క అక్షరమూ నిటారుగా నిలబడదు.
అందుకే కాబోలు, ఈ కటకటాల గుర్తంటే
త్సియాలాకి మొదట్నించీ గిట్టదు.

నా పని చెప్పుకోదగ్గది కాదు.
పొద్దున్నే లాగ్ చూస్తాను.
డిస్కు నిండితే పాతవి టేపుకెక్కిస్తాను.
సర్వీసు మొరాయిస్తే ఆపి, నూరు లెక్కపెట్టి, మళ్ళీ లేపుతాను.
నూరే ఎందుకని అడక్కండి. తొంభైకి లేవదు.

ఒకసారి వారం రోజుల పేజీలన్నిట్లో
పైనుంచి కిందికి సన్నటి నల్ల గీత.
సర్వర్ దాన్నీ కోడే అనుకుని తన్నుకులాడింది.
చూస్తే అద్దం మీద నలుసు. కంట్లో పడ్డట్టే.
త్సియాలా గౌను అంచుతో తుడిచింది.
మాన్యువల్లో ఆ గౌను సంగతి లేదు.

గురువారం ఒక ఫైలు తేడాగా వచ్చింది.
వర్లామ్ గొగొలాద్జె, డెబ్బై ఒకటి, ఉబ్బసం.
ఇరవై మూడో పేజీలో ఆయనకి నొప్పులు మొదలయ్యాయి.
ఇరవై నాలుగులో ఆడపిల్ల,
రెండు కిలోల తొమ్మిది వందలు,
తల్లీబిడ్డా క్షేమం.

నవ్వీ నవ్వీ, తర్వాత భయమేసింది.
ఇద్దరు మనుషుల మధ్య గోడ కూలింది,
చప్పుడైనా కాలేదు.

కాగితం వెతికి పట్టుకుని చూశాం.
కోడ్ బాగానే ఉంది. ముద్ర చెదరలేదు, చిరుగు లేదు.
కానీ గీతలకి రెండు పక్కలా కాస్త తెలుపు కావాలి,
ఏమీ లేని తెలుపు.
అది లేకపోతే ఎక్కడ మొదలో యంత్రానికి తెలీదు.
ఆ తెలుపులోకి ఎవరిదో చేతిరాత
మార్జిన్ పొడుగునా దిగొచ్చి ఆగింది.
నర్సు రాత. తొంభై మూడు, డిసెంబరు.
ఊళ్ళో కరెంటు లేని చలికాలం.

“కొవ్వొత్తి అయిపోయింది.
ఇక చేత్తో తడిమి చూస్తున్నాను.
తల తగిలింది.”

రాసింది ఎప్పుడో, మర్నాడు వెలుతురొచ్చాకో,
లేక ఆ చీకట్లోనేనో. అక్షరాలు మాత్రం వరస తప్పాయి.

“దీని మీదే అంటించి ఉండొచ్చుగా” అన్నాను.
త్సియాలా నా వంక చూసింది,
నూరు లెక్కపెట్టేంత సేపు.
“పేజీ నిండా రాతే. ఉన్న సందులో ఇరికించాను.
ఆవిడ మీద మాత్రం అంటించను.
నీ మిషన్‌కి చెప్పుకో.”

మిషన్‌కి చెప్పాను.
అంటే, కిందికొచ్చి
పదమూడు అంకెలూ నేనే కొట్టాను.
ఇరవై రెండో పేజీ తర్వాత కోశాను.
వర్లామ్ ఉబ్బసం వర్లామ్‌కి,
బిడ్డ తల్లికి.
చివరి అంకె కుదిరిందో లేదో
ముందువన్నీ కూడి చూసుకుని
సర్వర్ పచ్చగా వెలిగింది.
ఆ పిల్లకిప్పుడు ముప్పై దాటుంటాయి.
ఎక్కడో కరెంటు బిల్లు కడుతూ ఉంటుంది.

సెట్టింగుల్లో ఒక గడి ఉంది:
ఎంత తెలుపు చాలు, మిల్లీమీటర్లలో.
తగ్గిస్తే ఇలాంటివి కొన్ని చదువుతుంది.
కొన్ని లేనివి కూడా చదువుతుంది.
దాని ముందు కాసేపు కూర్చున్నాను.
మార్చలేదు.

తప్పిన పేజీల ఫోల్డర్‌లో ఇంకా నలభై ఉన్నాయి.
ఒక్కొక్కటే తెరుస్తున్నాను.
పన్నెండోదాని మీద ఎవరో
టీ గ్లాసు పెట్టి, మర్చిపోయి, వెళ్ళిపోయారు.